నల్ల తొడుగులు, పసుపు అట్టలు: ఇటాలియన్ జాల్లో సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతటికెట్టు
శుక్రవారం, రాత్రి 11:48

నిన్న రాత్రి 'సస్పీరియా' చూశాను. 1977లో వచ్చింది, దర్శకుడు దారియో అర్జెంతో. లైట్లన్నీ ఆర్పేసి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మరీ చూశాను. ఇవాళ ఆఫీసులో కథేంటని అడిగితే రెండు ముక్కలకి మించి చెప్పలేకపోయా. ఒక డాన్సు స్కూలు, అందులో మంత్రగత్తెలు. అంతే. కానీ ఆ ఎరుపు, ఆ నీలం, మొదట్లో కురిసే వాన, ఎవరో చెవి దగ్గర గుసగుసలాడుతున్నట్టుండే ఆ సంగీతం... పొద్దున పళ్ళు తోముకుంటూ కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

దీని గురించి వెతుకుతుంటే ఎక్కడ చూసినా 'జాల్లో' అనే మాట తగులుతోంది. ఇటాలియన్‌లో పసుపు రంగు అట. తెర నిండా ఎరుపు కారుతుంటే పసుపు పేరేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి. మొదలుపెట్టడానికి నాలుగు పేర్లు చాలు. స్పాయిలర్లు మాత్రం వద్దు, దండం పెడతాను.

రీలుపెట్టె
శనివారం, ఉదయం 6:05

తమ్ముడూ, వస్తూనే పేచీ పెట్టాడనుకోకు. 'సస్పీరియా' జాల్లో కాదు. అందులో మంత్రాలున్నాయి. జాల్లోలో చంపేది మనిషే. నల్ల లెదర్ తొడుగులు వేసుకుని, మంగలికత్తి పట్టుకుని వస్తాడు, లేదా వస్తుంది. ఎంత వెర్రిదైనా సరే, చివర్లో ఒక కారణం కూడా ఉంటుంది. ఆస్తి, పాత పగ, చిన్నప్పుడు చూసిన ఏదో ఘోరం.

ఇక పసుపు సంగతి. మిలాన్‌లో మోందదోరి అనే ప్రచురణ సంస్థ 1929లో డిటెక్టివ్ నవలలు వరసగా వేయడం మొదలుపెట్టింది. మొదటిది అమెరికన్ రచయిత ఎస్.ఎస్. వాన్ డైన్ రాసినదానికి అనువాదం. అట్టలన్నీ పసుపు. పోనుపోను ఆ రంగే ఆ కథలకి పేరైపోయింది. ముస్సోలినీ ప్రభుత్వానికి ఈ నేరకథలు గిట్టలేదు. 1941లో ఆ వరస ఆగిపోయింది, యుద్ధం అయ్యాక మళ్ళీ వచ్చింది. మా చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేవాళ్ళం. అట్ట చూడగానే లోపల సరుకేంటో తెలిసిపోయేది. అలాంటి వ్యవహారమే అనుకో.

సినిమాలో దీనికి తండ్రి మారియో బావా. 1963లో తీసిన 'ది గర్ల్ హూ న్యూ టూ మచ్'ని మొదటి జాల్లో అంటారు. అది బ్లాక్ అండ్ వైట్. మరుసటి ఏడాది 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' రంగుల్లో తీశాడు. రోమ్‌లో ఒక ఫ్యాషన్ హౌస్, అక్కడి మోడళ్ళు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతుంటారు, చంపేవాడి మొహానికి తెల్లటి గుడ్డ. ముక్కూ నోరూ ఏమీ ఉండవు. టైటిల్స్‌లోనే నటులందరినీ బట్టల బొమ్మల పక్కన బొమ్మల్లా నిలబెట్టి చూపిస్తాడు. ఎవరు మనిషో ఎవరు బొమ్మో చూసుకోండి అన్నట్టు.

నువ్వు అడిగిన నాలుగు పేర్లు: బావా 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' (1964), అర్జెంతో 'ది బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్' (1970), అర్జెంతోదే 'డీప్ రెడ్' (1975), లూచో ఫుల్చి 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్' (1972). ఇదే వరసలో చూడు. వరస మార్చితే నేను బాధ్యుణ్ణి కాను.

గోడమీదపిల్లి
శనివారం, ఉదయం 8:31

పొద్దున్నే ఆరింటికి మంగలికత్తుల గురించి రాసే మనిషి మా అపార్ట్‌మెంట్లో అద్దెకి అడిగితే ఇవ్వం.

ఓరుగల్లు_పోరడు
శనివారం, ఉదయం 10:12

అన్నా, లిస్టు మస్తుగుంది. కానీ 'డీప్ రెడ్' మూడోదా? నా లెక్కల అదే ఫస్ట్. ఆ పాట కోసమైనా.

పాతటికెట్టు గారూ, మీకు 'సస్పీరియా'లో చెవిలో గుసగుసలాడినవాళ్ళే ఇందులోనూ ఉన్నారు. గాబ్లిన్ అనే బ్యాండు. కీబోర్డు మీద క్లాడియో సిమోనెట్టి. ముందు ఈ సినిమాకి సంగీతం ఇవ్వాల్సింది జోర్జో గాస్లీని అనే పెద్ద జాజ్ విద్వాంసుడు. అర్జెంతోకి ఆయన చేసింది సరిపోలేదు. కాలేజీ వయసు దాటని కుర్రాళ్ళని పిలిచి ఇచ్చాడు. అయినా గాస్లీని ముక్కలు కొన్ని సినిమాలో మిగిలాయి. పిల్లలు పాడే లాలిపాట ఒకటుంది చూడండి, హత్యకి ముందు టేపు రికార్డర్లో వినిపిస్తుంది. అది ఆయనదే. రాక్ ఒకవైపు, లాలిపాట ఒకవైపు. నాకైతే రాక్ కంటే లాలిపాటే ఎక్కువ వణుకు పుట్టించింది.

నేను కీబోర్డు వాయిస్తాను, పెళ్ళి బ్యాండులో. ఆ మెయిన్ థీమ్ మొదటి వరస నేర్చుకోవడం తేలిక అనుకున్నా. వేళ్ళకి వచ్చింది గానీ కాలు తాళం తప్పుతూనే ఉంది. లెక్క సరి సంఖ్యలో కూర్చోదు. మనం ఒక అడుగు వేసేలోపు అది ఇంకో అడుగు వేసేస్తుంది.

ఇంకొక్క మాట చెప్తా, అంతకుమించి చెప్పను. ఆ సినిమాల హంతకుణ్ణి మొదటి అరగంటలోనే మనకి చూపించేస్తాడు.

పాతటికెట్టు
శనివారం, ఉదయం 10:20

స్పాయిలర్ వద్దన్నాను కదా బాబూ!!!

ఓరుగల్లు_పోరడు
శనివారం, ఉదయం 10:24

ఇది స్పాయిలర్ కాదు. చెప్పినా మీకు కనబడదు. పందెం. హన్మకొండ వస్తే బిర్యానీ.

అర్ధరాత్రి_కాఫీ
శనివారం, మధ్యాహ్నం 1:40

రీలుపెట్టె గారూ, మీ రుచి మీద గౌరవంతోనే అడుగుతున్నా. వీటిని ఇష్టపడేవాళ్ళు మాట్లాడని విషయం ఒకటుంది కదా. చచ్చేది ఎప్పుడూ ఆడవాళ్ళే. అదీ అందంగా, మంచి బట్టల్లో, చక్కటి లైటింగులో. మగవాళ్ళని చంపేటప్పుడు కెమెరా రెండు సెకన్లలో పని కానిచ్చేస్తుంది. ఆడవాళ్ళ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చుంటుంది. 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' నేనూ చూశాను, రంగులు అద్భుతం. కానీ అర్ధగంట అయ్యేసరికి నాకు అది నగల దుకాణంలో అద్దాల అల్మారాలా అనిపించింది. నగల బదులు శవాలు.

నేను చూడొద్దనడం లేదు. చూస్తూనే ఉన్నాను, అదే నా గొడవ.

రీలుపెట్టె
శనివారం, మధ్యాహ్నం 3:15

అమ్మా, మీరన్నదాంట్లో కాదనడానికేమీ లేదు. నగల అల్మారా పోలిక నాకు ఇక జీవితాంతం వదలదు. నా వైపు నుంచి ఒక్కటే చెప్పుకోగలను, అది కూడా వకాల్తా కాదు. బావా మొదట కెమెరామన్. వాళ్ళ నాన్న యూజీనియో బావా కూడా కెమెరా, ట్రిక్ షాట్లు చేసిన మనిషే. ఆ ఇంట్లో పెరిగినవాడికి మొహం అంటే వెలుగు పడే ఒక చోటు. ఆడదైనా, బొమ్మైనా, గోడకున్న గడియారమైనా ఆయన కంటికి ఒకటే. అది గొప్పతనమా, లోపమా అంటే రెండూ అనుకుంటాను.

ఆయన పనితనం ఎలాంటిదో ఒక ఉదాహరణ. 1957లో 'ఇ వాంపీరి' అనే సినిమా. దర్శకుడు రికార్దో ఫ్రెదా మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే, కెమెరామన్‌గా ఉన్న బావా మిగిలింది పూర్తిచేశాడు. అందులో ఒక అందగత్తె మన కళ్ళ ముందే, కట్ లేకుండా, ముసలిదైపోతుంది. 1957లో, కంప్యూటర్లు లేని కాలంలో. ఎలాగంటే, మొహం మీద ముడతలు ఎర్రరంగుతో గీశారు. ఎర్ర లైటు వేసినంతసేపూ ఆ గీతలు కనబడవు, చర్మంతో కలిసిపోతాయి. లైటు రంగు మెల్లగా ఆకుపచ్చ వైపు మార్చితే అవే గీతలు నల్లగా పైకి తేలతాయి. తీసేది బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కాబట్టి లైటు రంగు మారిన సంగతి చూసేవాడికి తెలీదు. మొహమే మారినట్టుంటుంది. ఖర్చు రెండు రంగు కాగితాలు.

మూడేళ్ళకి, 1960లో, సొంతంగా 'బ్లాక్ సండే' తీశాడు. గోగోల్ రాసిన 'వీయ్' కథ ఆధారం, ఆధారం అంటే నామమాత్రం. మొదటి సీన్లోనే లోపలివైపు మేకులున్న ఇనుప ముసుగు బార్బరా స్టీల్ మొహానికి పెట్టి సుత్తితో కొడతారు. బ్రిటన్‌లో ఆ సినిమాకి 1968 దాకా అనుమతి దొరకలేదు. అది జాల్లో కాదు, పాత గోథిక్ హారర్. కానీ ఆ పొగమంచూ ఆ ఎండిన చెట్లూ చూడకుండా బావా గురించి మాట్లాడటం నాకిష్టముండదు.

గోడమీదపిల్లి
శనివారం, మధ్యాహ్నం 3:22

"ఇక జీవితాంతం వదలదు" అన్నది జాల్లో సినిమాల్లో హంతకులు చెప్పే డైలాగు. ఎవరైనా ఈయన చేతులకి తొడుగులున్నాయేమో చూడండి.

టోరినో_తెలుగోడు
శనివారం, సాయంత్రం 6:50

ఇక్కడ ఈ చర్చ చూసి ఆగలేకపోయా. నేను చదువుకోడానికి టూరిన్ వచ్చి రెండేళ్ళయింది. 'డీప్ రెడ్' కథ ప్రకారం రోమ్‌లో జరుగుతుంది గానీ బయటి సీన్లు చాలా మటుకు మా ఊళ్ళో తీశారు. మా ఊరు అనేశాను, చూశారా!

సాన్ కార్లో చౌరస్తాలో రెండు చర్చిలు జంటగా ఉంటాయి. వాటి వెనక్కి వెళ్తే సి.ఎల్.ఎన్. చౌరస్తా. పెద్ద పెద్ద రాతి స్తంభాల వరండాలు, ఎదురెదురుగా రెండు ఫౌంటెన్లు. ఒకదాని మీద గడ్డం ఉన్న మగ విగ్రహం, అది పో నది. రెండోదాని మీద ఆడ విగ్రహం, అది దోరా నది. సినిమాలో పియానో వాయించే హీరో, తాగిన స్నేహితుడు, రాత్రిపూట ఆ పో విగ్రహం కింద కూర్చుని మాట్లాడుకుంటుంటే పై అంతస్తు నుంచి కేక వినిపిస్తుంది. పక్కన అద్దాల బారు ఒకటి కనిపిస్తుంది, లోపల జనం బొమ్మల్లా కదలకుండా కూర్చుని ఉంటారు. ఆ బారు కోసం వచ్చినవాళ్ళు వెతుక్కుని వెతుక్కుని వెళ్ళిపోతారు, ఎందుకంటే అది సినిమా కోసం వేసిన సెట్టు. ఎడ్వర్డ్ హాపర్ అనే అమెరికన్ చిత్రకారుడి 'నైట్‌హాక్స్' బొమ్మని అచ్చుగుద్దినట్టు కట్టారు.

నేను వచ్చిన కొత్తలో ఆదివారం రాత్రి పదకొండింటికి అక్కడికి వెళ్ళా. ఎవ్వరూ లేరు. నీళ్ళ చప్పుడు. నా బూట్ల చప్పుడు వరండాలో నాకే తిరిగి వినిపిస్తోంది. పై కిటికీల్లో ఒకదాంట్లో లైటు వెలిగింది. అంతే, పరుగెత్తలేదు గానీ వేగంగా నడిచా అని చెప్పుకోవచ్చు.

ఇంకొకటి. సినిమాలో పాడుబడ్డ బంగళా ఉంటుంది కదా, అది నది అవతల కొండవాలులో ఉంది. పేరు విల్లా స్కాట్. 1902లో పియెత్రో ఫెనోల్యో కట్టిన ఇల్లు. పువ్వులూ తీగలూ గోడల మీద పాకినట్టుండే శైలి, ఇక్కడ దాన్ని లిబర్టీ అంటారు. షూటింగ్ అప్పుడు అందులో సన్యాసినులు నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉండేదట. సినిమావాళ్ళు అందరినీ రిమిని బీచికి సెలవులకి పంపించి షూటింగ్ చేసుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. ఇప్పుడు ప్రైవేటు ఇల్లు, గేటు బయట నుంచే చూడాలి.

రీలుపెట్టె గారు చెప్పిన పసుపు సంగతికి చిన్న చేర్పు. ఇక్కడ పుస్తకాల షాపులో 'జాల్లి' అని బోర్డున్న అల్మారాలో అగాథా క్రిస్టీ కూడా ఉంటుంది. టీవీ వార్తల్లో తేలని హత్య కేసుని కూడా జాల్లో అంటారు. నల్ల తొడుగులు, రంగు లైట్లు ఉంటేనే జాల్లో అనడం బయటివాళ్ళం మనం పెట్టుకున్న అర్థం. మా ఇంటావిడకి, అంటే అద్దెకిచ్చినావిడకి, ఇదంతా చెప్తే నవ్వింది. ఆవిడ లెక్కలో షెర్లాక్ హోమ్స్ కూడా జాల్లోనే.

పాతటికెట్టు
శనివారం, రాత్రి 9:05

అమ్మో, ఒక్కరోజులో ఇంత సమాచారమా. రీలుపెట్టె గారి వరసలోనే వెళ్తున్నా. 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్' అయింది. కాఫీ గారన్న నగల అల్మారా మాట తలలో పెట్టుకుని చూస్తే సినిమా రెండు సినిమాల్లా కనిపించింది. ఒకటి చాలా బాగుంది, రెండోది చాలా ఇబ్బందిగా ఉంది. రెండూ ఒకే షాట్లో ఉన్నాయి.

ఇప్పుడు 'బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్' పెట్టబోతున్నా. ఇంగ్లీషులో చూడాలా, ఇటాలియన్‌లో సబ్‌టైటిల్స్‌తో చూడాలా? ఒరిజినల్ ఏది?

డబ్బింగ్_సుబ్బులు
శనివారం, రాత్రి 10:18

ఈ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నా. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో డబ్బింగ్ చెప్తున్నాను, కాబట్టి ఇది నా పేట.

ఒరిజినల్ అనేదే లేదు నాయనా. అప్పట్లో ఇటలీలో సినిమాలు సెట్లో శబ్దం పట్టించుకోకుండా తీసేవాళ్ళు. అమెరికావాడు ఇంగ్లీషులో, ఇటలీవాడు ఇటాలియన్‌లో, మూడో దేశంవాడు వాడి భాషలో మాట్లాడేవాడు. ఎదుటివాడు చెప్పింది అర్థం కాకపోయినా పెదవులు ఆగినప్పుడు తన డైలాగు మొదలుపెట్టేవాడు. తర్వాత స్టూడియోలో అన్ని భాషలకీ గొంతులు వేసేవాళ్ళు. ఇటాలియన్ నటులకి కూడా చాలాసార్లు వేరే ఇటాలియన్ల గొంతే. కాబట్టి ఇటాలియన్ ట్రాకూ డబ్బింగే, ఇంగ్లీషు ట్రాకూ డబ్బింగే.

తెలుగువాళ్ళకి ఇదేం వింత కాదు కదా. మన హీరోయిన్లలో ఎంతమందికి సొంత గొంతు ఉంది? తెర మీద మొహం ఒకరిది, గొంతు మాలాంటి ఒకరిది. జాల్లోలో ఇదే నాకు ఎక్కువ నచ్చే విషయం. గొంతు మొహానికి వెంట్రుకవాసి ఆలస్యంగా అతుక్కుంటుంది. ఆ సందులోంచి భయం దూరుతుంది. ఫోన్లో హంతకుడు గుసగుసగా మాట్లాడినప్పుడు మరీ. ఎవరి గొంతో తెలీదు, మొగో ఆడో తెలీదు. అలాంటివి చెప్పేటప్పుడు గొంతులో ఊపిరి ఎక్కువ, ధ్వని తక్కువ పెట్టాలి. చేసి చూడండి, రెండు నిమిషాలకి తల తిరుగుతుంది.

'డీప్ రెడ్'కి వచ్చినప్పుడు ఒక జాగ్రత్త. ఇటలీలో వచ్చిన పూర్తి సినిమా రెండు గంటలు దాటి ఉంటుంది. విదేశాలకి పంపినప్పుడు ఇరవై నిమిషాలు కోసేశారు. కోసేసిన ముక్కలకి ఇంగ్లీషు గొంతులు మిగల్లేదు. ఇప్పుడు పూర్తి సినిమా ఇంగ్లీషులో పెట్టుకుంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి ఉన్నట్టుండి ఇటాలియన్‌లోకి వెళ్ళిపోతాడు. టీవీ పాడైందనుకోకండి. ఇటాలియన్‌లోనే చూసెయ్యండి, పీడా పోతుంది.

అర్ధరాత్రి_కాఫీ
శనివారం, రాత్రి 11:55

సుబ్బులు గారూ, ఆ కోసేసిన ముక్కల్లో ఏమున్నాయో కూడా చెప్పాలి. చాలావరకు దారియా నికొలోదీ సీన్లు. ఆవిడ జర్నలిస్టు పాత్ర. హీరో డేవిడ్ హెమింగ్స్ మగవాళ్ళు గొప్ప అని ఏదో వాగితే, బల్ల మీద మోచెయ్యి పెట్టి పంజా కుస్తీ పట్టి ఓడిస్తుంది. ఆవిడ డొక్కు కారులో కూర్చుంటే హీరో సీటు కిందికి కుంగిపోయి పిల్లాడిలా కనిపిస్తాడు. హత్యలు మాత్రం విదేశాలకి చక్కగా ఎగుమతి అయ్యాయి, ఆడది గెలిచిన సీన్లు కత్తిరింపులోకి పోయాయి. కత్తెర పట్టుకున్నవాడికి తీరిక ఎక్కడ తక్కువైందో చూడండి.

నిద్ర పట్టడం లేదు కాబట్టి ఫుల్చి గురించి కూడా రాసేస్తా. నా మొదటి గొడవకి నాకు దొరికిన జవాబు లాంటిది అందులోనే ఉంది. 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్'. దక్షిణ ఇటలీలో కొండ మీద పల్లెటూరు, కింద కొత్తగా వేసిన హైవే. పిల్లలు ఒకరొకరే హత్యకి గురవుతుంటారు. ఊరి చివర మంత్రగత్తె అని పేరు పడ్డ ఒక పిచ్చి మనిషి ఉంటుంది, ఫ్లోరిందా బోల్కన్ చేసింది. పోలీసులు పట్టుకుని, ఆమె చేయలేదని తేలి వదిలేస్తారు. ఊరి మగవాళ్ళు వదలరు. శ్మశానంలో చుట్టుముట్టి గొలుసులతో కొడతారు. పక్కన రేడియోలో పాట మోగుతుంటుంది, ఓర్నెల్లా వనోని గొంతు, తియ్యటి ప్రేమపాట. ఆమె ఒళ్ళంతా రక్తంతో పాక్కుంటూ హైవే దాకా వస్తుంది. సెలవులకి వెళ్తున్న కుటుంబాల కార్లు పక్కనుంచి పోతుంటాయి. ఎవరూ ఆపరు.

మాది మెదక్ జిల్లా. నా చిన్నప్పుడు బాణామతి అనే మాట ఇంట్లో పెద్దగా పలకనిచ్చేవాళ్ళు కాదు. ఫలానా ఆవిడ చేసిందని ఊరంతా ఒక్కటై పళ్ళు ఊడగొట్టిన సంగతులు, ఇంకా ఘోరాలు, పెద్దవాళ్ళు తలుపు వేసుకుని మాట్లాడుకుంటుంటే చెవిలో పడేవి. ఆ సీన్లో నేను ఇటలీని చూడలేదు. అక్కడ కెమెరా కూర్చుంది, నిజమే, ఎక్కువసేపే కూర్చుంది. కానీ అందం కోసం కూర్చోలేదు. చూడండి, ఇది మీరే అంటోంది. ఒకే రకం సినిమాలో ఈ రెండు రకాల చూపులూ ఉన్నాయి. అందుకే నేను వదిలెయ్యలేకపోతున్నాను.

రీలుపెట్టె
ఆదివారం, ఉదయం 6:11

కాఫీ గారూ, మీ టపా రెండుసార్లు చదివాను. ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను, ఆ రేడియో పాట ప్రతిసారీ విన్నాను. మెదక్ మాత్రం ఒక్కసారీ తోచలేదు.

ఫుల్చి చదివింది వైద్యం, మొదట తీసినవి కామెడీలు అంటే నమ్మబుద్ధి కాదు. ఆయన 1971లో తీసిన 'ఎ లిజర్డ్ ఇన్ ఎ ఉమన్స్ స్కిన్'లో కడుపులు కోసిన కుక్కలు కనిపిస్తాయి. నిజం కుక్కలనే కోశారని కేసు పెట్టారు. బొమ్మలు చేసిన కార్లో రాంబాల్ది ఆ బొమ్మలని కోర్టుకి తెచ్చి చూపిస్తే గానీ గండం గడవలేదు. తర్వాత హాలీవుడ్‌లో 'ఈటీ' బొమ్మ చేసిందీ ఆయనే. 'డీప్ రెడ్' ట్రిక్కుల్లో కూడా ఆయన చెయ్యి ఉంది.

గోడమీదపిల్లి
ఆదివారం, ఉదయం 9:40

నేనూ ఒకటి సీరియస్‌గా చెప్తా, కంగారుపడకండి. పూపీ అవాతి తీసిన 'ద హౌస్ విత్ లాఫింగ్ విండోస్', 1976. పో నది మైదానంలో ఒక పల్లె, చర్చి గోడ మీద పాడైన చిత్రాన్ని బాగుచేయడానికి ఒక కుర్రాడు వస్తాడు. ఎర్ర లైట్లు లేవు, తొడుగులు లేవు. మిట్టమధ్యాహ్నం ఎండ, చదును నేల, ఊరి జనం మరీ మర్యాదగా మాట్లాడతారు. నాకు మా అమ్మమ్మగారి ఊళ్ళో వేసవి మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. అందరూ పడుకుని, గాలి కూడా లేక, ఎక్కడో ఒక తలుపు మాత్రం కిర్రుమంటుంది చూడండి, అది. చీకట్లో భయపడటం ఎవరికైనా వచ్చు.

సీరియస్ అయిపోయింది. ఇప్పుడు నా పరిశోధన: ఈ సినిమాల్లో ప్రతి ఇంట్లో జె అండ్ బి విస్కీ సీసా ఉంటుంది, లేబుల్ కెమెరా వైపే ఉంటుంది. అసలు హంతకుణ్ణి వదిలేసి నేను సీసా ఎక్కడుందో వెతుకుతుంటా.

ఓరుగల్లు_పోరడు
ఆదివారం, ఉదయం 11:02

పిల్లి అన్నా, సీసా దొరికినంత తేలిక కాదు హంతకుడు దొరకడం. నా పందెం ఇంకా అట్లనే ఉంది.

పాతటికెట్టు
ఆదివారం, మధ్యాహ్నం 2:30

'క్రిస్టల్ ప్లూమేజ్' చూశాను. ఇది అర్జెంతో మొదటి సినిమానా? కెమెరా విత్తోరియో స్తొరారో, సంగీతం ఎన్నియో మొరికోనే. మొదటి సినిమాకి ఎవరికైనా ఇంత మంది దొరుకుతారా?

రోమ్‌లో ఉన్న అమెరికన్ రచయిత రాత్రిపూట ఆర్ట్ గ్యాలరీలో ఒకావిణ్ణి ఎవరో పొడుస్తుండగా చూస్తాడు. కాపాడదామని వెళ్తే రెండు గాజు తలుపుల మధ్య ఇరుక్కుపోతాడు. లోపలికి పోలేడు, బయటికి రాలేడు, అరిచినా వినబడదు. చూడటం తప్ప ఏమీ చేయలేడు. నేను సోఫాలో కూర్చుని చేస్తున్నదీ అదే కదా అనిపించి ఒళ్ళు జలదరించింది. తర్వాత సినిమా అంతా "నేను చూసినదాంట్లో ఏదో తేడా ఉంది, ఏంటో గుర్తు రావడం లేదు" అని కొట్టుకుంటుంటాడు.

ఓరుగల్లు అన్నా, నువ్వు 'డీప్ రెడ్' గురించి అన్నది ఇలాంటిదేనా?

ఓరుగల్లు_పోరడు
ఆదివారం, మధ్యాహ్నం 2:41

నోరు కుట్టేసుకున్నా.

రీలుపెట్టె
ఆదివారం, సాయంత్రం 4:00

అదే కిటుకు తమ్ముడూ, కానీ ఐదేళ్ళు సానబెట్టాడు. మొదటి సినిమాలో హీరో తప్పుగా అర్థం చేసుకున్నాడు. 'డీప్ రెడ్'లో నిన్నే బోనులో నిలబెడతాడు. అర్జెంతో సినిమాల్లోకి రాకముందు రోమ్‌లో 'పాయెసే సేరా' పత్రికకి సినిమా సమీక్షలు రాసేవాడు. ప్రేక్షకుడు తెరలో ఏ మూల చూస్తాడో, ఏ మూల వదిలేస్తాడో బాగా తెలిసినవాడు. ఇంకో చిన్న సంగతి, ఇది స్పాయిలర్ కాదు: 'డీప్ రెడ్'లో తొడుగులు వేసుకున్న చేతులు నటుడివి కావు. దగ్గరి షాట్లలో అవి అర్జెంతో సొంత చేతులు.

నువ్వు మొదట అడిగిన 'సస్పీరియా' గురించి కూడా ఒక మాట బాకీ ఉన్నాను. అందులో అమ్మాయిలు చిన్నపిల్లల్లా ఎందుకనిపిస్తారో తెలుసా? మొదట పన్నెండేళ్ళ లోపు పిల్లలతో తీద్దామనుకున్నారు. కుదరక వయసు పెంచారు గానీ తలుపుల పిడులు మామూలు కంటే పైన పెట్టారు. ఇరవై ఏళ్ళ అమ్మాయి చెయ్యి పైకి ఎత్తి తలుపు తీస్తుంటే మనకి కారణం తెలీదు, మనసుకి మాత్రం ఏదో తగులుతుంది. మళ్ళీ చూసినప్పుడు గమనించు.

టోరినో_తెలుగోడు
ఆదివారం, రాత్రి 8:15

పాతటికెట్టు గారూ, 'డీప్ రెడ్' పెట్టే ముందు చెప్పండి. ఇక్కడ నేను కూడా అదే టైముకి పెడతా. నాకు ఇది నాలుగోసారి.

పాతటికెట్టు
సోమవారం, రాత్రి 1:52

చూశాను.

కేక వినగానే హీరో మెట్లెక్కి ఆవిడ ఫ్లాట్‌లోకి పరుగెత్తుతాడు కదా, రెండువైపులా గోడల మీద గీసిన బొమ్మలున్న నడవా గుండా. తర్వాత పోలీసులతో "వచ్చేటప్పుడు ఒక బొమ్మ చూశాను, ఇప్పుడు అది లేదు" అంటాడు. ఓరుగల్లు అన్న మాట గుర్తుపెట్టుకుని నేను కళ్ళు పెద్దవి చేసుకుని, తెరకి అడుగు దూరంలో కూర్చుని చూశాను. బొమ్మలన్నీ చూశాను. ఏమీ లేదనుకున్నాను. వీడు ఊరికే గొప్పలు పోతున్నాడనుకున్నాను.

చివర్లో అతను మళ్ళీ ఆ నడవాలోకి వచ్చి అదే చోట నిలబడ్డాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత చేతులు చల్లబడ్డాయి. సినిమా అయిపోకముందే ఆపేసి మొదటి అరగంటకి వెనక్కి తిప్పాను. నడవా. బొమ్మలు. ఆపాను.

ఉంది. సూటిగా నా వైపే చూస్తోంది. రెండు గంటల కిందట నేనూ దాన్ని చూశాను.

ఓరుగల్లు_పోరడు
సోమవారం, రాత్రి 1:55

బిర్యానీ ఎప్పుడు?

పాతటికెట్టు
సోమవారం, రాత్రి 1:57

వచ్చే ఆదివారం. ఇప్పుడు హాల్లో అద్దం మీద దుప్పటి కప్పి పడుకుంటా.